రెండు చుక్కలు

మా ఊరికి బస్సు రెండో గేరుల వస్తది.
నిర్మల్ దాటినంక ఎన్నో మలుపుకో
కండక్టర్ టికెట్లు కొట్టుడు ఆపి కడ్డీ పట్టుకుంటడు.
అక్కడినుంచి నల్లరాయి మొదలు.
టేకాకు మీది దుమ్ము ఎరుపు విడిచి బూడిదకు తిరుగుతది.
చలికాలం పొద్దున ఎనిమిదైనా
చాయ్ హోటల్ బోర్డు కనపడది,
వాసన పట్టుకొని దిగాలె.

భూగోళం అంటే మాకు ఇంటి కప్పు.
మా గూనింటి కొప్పు మీద వాన రెండుగ చీలుతది.
దక్షిణం గూనల నీళ్ళు కడెం వాగుకు,
ఉత్తరం గూనల నీళ్ళు పెన్‌గంగకు.
"రెండూ గోదారిలనే పడ్తయి గదనే" అంటుండె మా అవ్వ,
"ఒకటి జర చుట్టు తిరిగి పోతది, మీ తాత లెక్క."

తాత ఆశన్న సర్వేల గొలుసు పట్టినోడు.
ఒక కొస ఆయన చేతిల,
ఇంకో కొస సిడాం లచ్చు చేతిల.
గుట్టను అంగుళం విడవకుండ కొలిచిండ్రు.
పేరును ఎవరూ కొలవలే.

పేరు ఉబ్బుగుట్ట.
వానకు గుట్ట ఉబ్బుతదట, ఎండకు దిగుతదట,
బడిల గదే చెప్పిండ్రు.
కడుపుతోని ఉన్న రాకాసి ఒత్తిగిలి పండుకున్నదని
పెద్దోళ్ళ మాట.
నొప్పులొస్తే ఆడోళ్ళు అటుదిక్కు దండం పెడ్తరు,
కాన్పు సుఖంగయితే గుట్టకు చీర.
నా పెద్దోనికి నేనూ మొక్కిన. ఆకుపచ్చది, సిరిసిల్ల చీర.

ఇప్పుడు తాసీల్ ఆఫీసు రికార్డు గదిల అటెండర్ని.
పోయిన వానాకాలం కప్పు కురిసి
బస్తాలు ఎండబెడుతుంటే బయటపడ్డది
గిర్దావర్ హిఫాజత్ అలీ చేతిరాత, ఉర్దూల.
నాకు రాదు.
టైలర్ ఖయ్యూం సాబ్ అద్దాలు నుదుటికెత్తి
కాగితం ముక్కుకు ఆనించి చదివిండు.
కొత్త పేజీల ఉబ్బుగుట్ట.
దానికన్నా పాత పేజీల ఉప్పుగుట్ట.
"పే కింద మూడు చుక్కలు బిడ్డా, బే కింద ఒక్కటే.
నకలు రాసినోని తప్పు లేదు,
రెండు చుక్కలు చెదలు తిన్నయి."

ఉప్పు.
ఈ గుట్టల చిటికెడు ఉప్పు పుట్టది.
ఎడ్ల మీద దూరంకెళ్ళి తెచ్చే బంజారాలు
ఘాటెక్కినంక ఇక్కడ గోనెలు దించేటోళ్ళు.
మూపురం పుండు మానేదాక ఆగాలె.
ఆగితే పొయ్యి కావాలె, పొయ్యికి మూడు రాళ్ళు.
గోండు గూడెంకెళ్ళి ఇప్పపువ్వు, సారపప్పు దిగేది,
దోసెడుకు దోసెడు.
ఎడ్ల నాడాలకు కమ్మరోళ్ళొచ్చిండ్రు,
వాళ్ళ కొలిమి చిట్టెం బస్టాండు వెనుక
ఇప్పటికీ చెప్పులోంచి గుచ్చుకుంటది.
ఊరు ఎవరూ కట్టలే.
కుంటెద్దు ఒకటి లేవనందుకు
నలుగురు ఆగిండ్రు.

అంతకన్నా ముందటి సంగతి కాగితంల లేదు.
రాయి కొడితే ఒక్కోసారి
లోపల నత్తగుల్ల, అదీ రాయే.
పేరుకన్నా, పొయ్యికన్నా ముందు
ఇక్కడ నీళ్ళుండె, అంతవరకే తెలుసు.

తాసీల్దార్‌కు చూపిస్తే
"పాసుబుక్కులన్నీ మార్చాలె, నీకేం పనిలేదా,
లోపల పెట్టు" అన్నడు.
పెట్టిన. వేపాకు వేసి పెట్టిన.
గుట్టకిచ్చిన చీర వాపసు అడుగుతమా ఏంది,
పిల్లగాడు బాగనే పుట్టిండు గదా.

కని పేజీ అడుగున ఒక వరుస నన్ను విడుస్తలేదు:
బదావత్ హీర్యా, గోనెలు పందొమ్మిది,
రాత్రి వానకు కరిగినయి, పన్ను మాఫీ.

నిన్న రాత్రి వాన పడ్డది.
మంచం మీద పండుకొని విన్న.
సగం అటు. సగం ఇటు.
హీర్యా తెల్లారి ఏ దిక్కు చూసుకుంట నిలబడ్డడో.